అన్నం పెట్టే చేతికే లజ్జ: విద్యార్థి భిక్షా ధర్మం

విద్య ముగించుకొని గురుకులం నుండి గృహానికి బయలుదేరే శిష్యునికి ఆచార్యుడు చేసే అనుశాసనం తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో ఉంది. సత్యం, ధర్మం, స్వాధ్యాయం, మాతాపితరుల సేవ, అతిథిపూజ అనే క్రమంలో ఉపదేశం సాగి, దానం వద్దకు వచ్చేసరికి ఆచార్యుని వాక్కు ఒక్కసారి నెమ్మదిస్తుంది. ఇవ్వమని చెప్పి ఊరుకోడు. ఏ భావంతో ఇవ్వాలో ఒక్కొక్కటిగా చెబుతాడు. శ్రద్ధతో ఇవ్వాలి. కలిమికి తగినట్లు ఇవ్వాలి. భయంతో ఇవ్వాలి. మైత్రితో ఇవ్వాలి. వీటి మధ్యలో మరొక మాట ఉంది: లజ్జతో ఇవ్వాలి.

ఈ మాట వద్ద సాధకుడు కొంతసేపు ఆగవలసి ఉంది. లోకంలో సిగ్గుపడేది ఎవరు? చేయి చాచేవాడు. తల వంచుకొనేది ఎవరు? ఆకలిగొన్నవాడు. శ్రుతి ఈ లోకరీతిని తలక్రిందులు చేసింది. లజ్జను గ్రహీత ముఖం నుండి తీసి దాత హృదయంలో పెట్టింది. ఇంత లోకంలో ఇంత కొంచెమే ఇవ్వగలుగుతున్నానే అన్న సంకోచం దాతకు ఉండాలి తప్ప, తినేవానికి ఉండకూడదు.

ఈ ఉపదేశం వింటున్నవాడెవరో కూడా గమనించాలి. అతడు ధనికుడైన గృహస్థు కాడు. నిన్నటివరకు జోలె పట్టుకొని ఇంటింటా భిక్ష తెచ్చుకొన్న బ్రహ్మచారి. పెట్టిన చేతులను, విసుక్కొన్న ముఖాలను, మూసుకొన్న తలుపులను చూసినవాడు. రేపు తాను గడపకు లోపలి వైపున నిలబడబోతున్నాడు. అటువంటివానికి చెబితేనే ఆ మాట పూర్తిగా అర్థమవుతుంది.

అందరూ భిక్షకులే అయిన ఆశ్రమం

ఉపనయనంలో వటువు మొదటి భిక్షను తల్లి వద్ద గ్రహిస్తాడు. నేడు అది వెండి పళ్లెంలో బియ్యం, నాణేలు పోసే వేడుకగా మిగిలింది. దాని అంతరార్థం మాత్రం గంభీరమైనది. ఆ క్షణం నుండి ఆ బాలుని పోషణభారం ఒక్క తల్లిది కాదు, ఊరందరిది. చదువుకొనే బిడ్డకు అన్నం పెట్టడం గృహస్థుని దయాగుణం మీద ఆధారపడిన విషయంగా ధర్మశాస్త్రం భావించలేదు. అది గృహస్థుడు తీర్చవలసిన ఋణం.

మనుస్మృతి ఈ భిక్షకు ఒక నియమం పెట్టింది. బ్రహ్మచారి నిత్యం ఒకే ఇంటి అన్నం తినరాదు. పలు ఇళ్ల నుండి కొంచెం కొంచెంగా తెచ్చుకోవాలి. అలా జీవించడం ఉపవాసంతో సమానమని కూడా చెప్పింది. ఈ నియమంలో రెండు రక్షణలు ఉన్నాయి. ఏ ఒక్క గృహానికీ భారం కలుగదు. ఏ ఒక్క గృహస్థునికీ ఆ బాలునిపై అధికారం కలుగదు. తేనెటీగ పలు పువ్వులపై వాలి, ఏ పువ్వుకూ నొప్పి కలగకుండా తేనె సేకరించే రీతి ఇది కనుకనే దీనికి మాధుకరం అని పేరు వచ్చింది.

ఇంతకన్న ముఖ్యమైనది మరొకటి ఉంది. గురుకులంలో ధనికుని కుమారుడు ఇంటి భోజనం తెప్పించుకొంటూ ఉండగా పేదవాడు మాత్రం జోలె పట్టుకొనే ఏర్పాటు లేదు. సాందీపని ఆశ్రమంలో శ్రీకృష్ణుడు, కుచేలుడు కలిసే చదువుకొన్నారు. గురుపత్ని పంపగా కట్టెల కోసం కలిసే అడవికి వెళ్లి, కలిసే వానలో తడిశారు. అందరూ సేవ చేసే చోట సేవ అవమానం కాదు. అందరూ భిక్షకు వెళ్లే చోట భిక్ష సిగ్గు కాదు. అన్నంలో సమత్వాన్ని సాధించేందుకు ప్రాచీనులు కనుగొన్న ఉపాయం ఇదే. పేదవానిని వేరుగా గుర్తించి పెట్టడం కాక, అందరినీ ఒకే నియమంలో నిలిపి పెట్టడం.

ఆదిశంకరులు బాల్యంలో భిక్షకు వెళ్లిన ఒక పేద ఇంటిలో ఇల్లాలు ఇవ్వడానికి ఏమీ లేక, ఒక్క ఉసిరికాయను జోలెలో వేసిందని సంప్రదాయం చెబుతుంది. అక్కడ సంకోచపడినది భిక్షకు వచ్చిన బాలుడు కాదు, లోపలి నుండి వచ్చిన గృహిణి. ఉపనిషత్తు చెప్పిన లజ్జకు అంతకన్న స్వచ్ఛమైన రూపం ఉండదు.

వారాలు, మాధుకరం: చౌటపల్లి బాలుని కథ

కాలక్రమంలో గురుకులాలు తగ్గి, పట్టణాలలో పాఠశాలలు, కళాశాలలు వెలిశాయి. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో ఆరంభించిన పాఠశాల తరువాత కళాశాలగా పెరిగింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ప్రభృతుల కృషితో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. పల్లెల నుండి పట్టణాలకు చదువుకోసం వచ్చిన పేద బాలురకు భిక్షాధర్మం కొత్త రూపం ధరించింది. అదే వారాల భోజనం. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరొక ఇంట, ఇలా ఏడు ఇళ్లు కుదుర్చుకొంటే చదువు సాగేది. ఒక ఇల్లు తప్పిపోతే ఆ దినం పస్తు.

వారాలు అన్నం పెట్టాయి. ఎందరినో విద్వాంసులను చేశాయి. కాని బ్రహ్మచర్యాశ్రమంలోని సమత్వం వాటిలో లేదు. ధనికుని కొడుకు తన ఇంట తింటాడు. వారాలబ్బాయి మాత్రం పరుల వసారాలో తింటాడు. భిక్ష అందరి ధర్మం కాక, కొందరి అవసరమైన నాడు దానిలోకి సిగ్గు ప్రవేశించింది.

ఈ మార్పు ఎంత తీవ్రమైనదో గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న జన్మించిన ఒక బాలుని జీవితం చెబుతుంది. ఆయన ఘంటసాల వేంకటేశ్వరరావు. తండ్రి సూరయ్య గారు తరంగాలు పాడే భాగవతులు. తండ్రి చిన్ననాడే పరమపదించారు. కుమారుడు సంగీత విద్వాంసుడు కావాలన్నది ఆయన చివరి కోరిక. ఆ కోరికను తలదాల్చిన బాలుడు విజయనగరం సంగీత కళాశాలకు చేరుకొన్నాడు. అక్కడ వారాలు చేసుకొని చదువు ఆరంభించాడు.

తోటి విద్యార్థులు చేసిన తప్పుకు ఆ బాలుడు కళాశాలకు దూరం కావలసి వచ్చిందని ఆయన జీవితకథ చెబుతుంది. అపవాదు వినగానే వారాలు పెట్టే ఇళ్లు కూడా తలుపులు మూసుకొన్నాయి. ఎల్లమ్మ గుడిలో తలదాచుకొన్న ఆ బాలుని పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీశారు. ఆయనా నిరుపేదయే. ఆ గురువు శిష్యునికి రెండు పూటలా అన్నం పెట్టలేకపోగా, ఒకనాడు ఒక సాధువు జోలె కట్టి మాధుకరం నేర్పించాడు. వీధి వీధికీ పాడుతూ వెళ్లి తెచ్చుకొన్న అన్నంలో మిగిలినది రెండవ పూటకు గుడ్డలో కట్టి ఉంచితే చీమలు పట్టేవి. దాచుకోవడానికి ఒక డబ్బా కొనే స్తోమత కూడా ఆ బాలునికి లేకపోయింది.

1974 ఫిబ్రవరి 11న ఆయన దేహం చాలించారు. ఆ తరువాత లోకానికి అందిన ఆయన భగవద్గీతా గానం నేటికీ ఆంధ్రదేశంలోని దేవాలయాలలో ఉషఃకాలాన వినిపిస్తూనే ఉంది. ఆ కంఠానికి అన్నం పెట్టినది ఏ ఒక్క ధనికుడో కాదు. విజయనగరంలోని అనామక గృహిణులు. ఆ ముద్దలు పెట్టిననాడు వారికి గీత వినిపించలేదు. తలుపు ముందు ఒక సన్నని బాలుడు మాత్రమే కనిపించాడు.

ఈ కథలో రెండు సత్యాలు ఉన్నాయి. మొదటిది అందరూ చెప్పుకొనేది: అన్నం పెడితే విద్య ఫలిస్తుంది. రెండవది తరచు మరచిపోయేది: దాత అభిప్రాయం మీద ఆధారపడిన అన్నం ఏ క్షణాన్నైనా ఆగిపోతుంది. వారాలిచ్చిన గృహస్థులు దుష్టులు కారు. ఒక మాట విన్నారు, నమ్మారు, తలుపు మూశారు. కాని ఆ తలుపు వెనుక ఆగిపోయినది ఒక బాలుని ఆహారం. అన్నానికి శీలపరీక్ష పెట్టిననాడు అది ధర్మం కాకుండా పోయి, తీర్పుగా మారుతుంది.

భగవద్గీత పదిహేడవ అధ్యాయంలో భగవానుడు దానాన్ని మూడు విధాలుగా విభజించాడు. సత్కారం లేకుండా, తిరస్కారభావంతో ఇచ్చినది తామసదానమని చెప్పాడు. ఇవ్వకపోవడాన్ని కాదు, ఇస్తూ అవమానించడాన్ని తామసమన్నాడు. ఇచ్చిన వస్తువు సాత్త్వికమైన అన్నమే కావచ్చు. పెట్టిన తీరు దానిని తామసం చేయగలదు.

సత్రానికి కట్టిన గోడ

ఇక్కడ సంప్రదాయాన్ని ప్రేమించేవారు తప్పించుకోరాని ప్రశ్న ఒకటి ఉంది. వారాల భోజనం ఎవరికి దొరికింది? ప్రాయికంగా దాత కులానికి చెందిన బాలునికే. దివిసీమ తీరంలోని మత్స్యకారుని కుమారునికి, ఊరి చివరి వాడలోని కూలివాని కుమారునికి బందరు వీధులలో వారం ఇచ్చే ఇల్లు ఏది? బాలికల మాట తలపెట్టనే అక్కరలేదు. అన్నదానం జరిగింది, నిజమే. దాని చుట్టూ ఒక గోడ కూడా నిలిచింది. ఆ గోడను ధర్మమని పిలిచినవారూ ఉన్నారు.

శాస్త్రం ఆ గోడను సమర్థిస్తుందా? భృగువల్లిలో వరుణపుత్రుడైన భృగువు తపస్సు చేసి మొదట అన్నమే బ్రహ్మమని గ్రహించాడు. ఆపై ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి ఆనందం వరకు ఎదిగాడు. ఆనందాన్ని చేరిన తరువాత ఉపనిషత్తు ముగియవలసింది. ముగియలేదు. తిరిగి అన్నం వద్దకే దిగివచ్చి వ్రతాలు విధించింది. అన్నాన్ని నిందించరాదు. అన్నాన్ని విడనాడరాదు. అన్నాన్ని సమృద్ధిగా పండించాలి. వసతి కోరి వచ్చిన వారినెవరినీ తిరస్కరించరాదు. చివరి వ్రతంలో కులప్రసక్తి లేదు. బ్రహ్మానందం తెలిసినవాడు ఎలా జీవిస్తాడన్న ప్రశ్నకు ఉపనిషత్తు ఇచ్చిన సమాధానం వంటశాలలో ఉంది.

భాగవతం నవమస్కంధంలోని రంతిదేవుని కథ ఇంకా స్పష్టమైనది. నలభై ఎనిమిది దినాలు ఉపవసించిన ఆ రాజుకు ఎట్టకేలకు కొంత ఆహారం లభించింది. తినబోయే సమయంలో ఒక బ్రాహ్మణుడు, ఆపై ఒక శూద్రుడు, ఆపై కుక్కలను వెంటబెట్టుకొన్న ఒకడు వచ్చారు. అందరికీ పెట్టాడు. ఆ మూడవ అతిథికి, అతని శునకాలకు కూడా నమస్కరించి పెట్టాడు. చివరకు మిగిలిన నీటిని దాహంతో వచ్చిన పుల్కసునికి పోశాడు. నమస్కరించినది దాత అన్నది ఇక్కడ గ్రహింపదగిన విషయం. పెట్టడం చాలామంది చేయగలరు. పెడుతూ నమస్కరించడం రంతిదేవునికి తెలిసింది.

దివిసీమకు చేరువలోని శ్రీకాకుళ క్షేత్రంలో ఆంధ్రమహావిష్ణువు స్వప్నంలో ఆదేశించగా శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదను రచించాడు. ఆ కావ్యంలో విష్ణుచిత్తుడు వాన కురిసినా, చలి వేసినా, ఎండ కాసినా ఋతువుకు తగిన వంటలతో వచ్చినవారిని ఆదరిస్తాడు. అంతటి దాత కూడా తన వంటలోని కొరతలను చెప్పుకొని, దయతో భుజించమని అతిథులనే ప్రార్థిస్తాడు. ఉపనిషత్తు విధించిన లజ్జ ఇక్కడ కావ్యమైంది.

గోదావరీ తీరాన లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఆ లజ్జను నిత్యజీవితంలో పాటించారు. కులం అడగకుండా, వేళ చూడకుండా, వచ్చినవారి ఆకలి మాత్రమే చూసి వండి పెట్టారు. లోకం ఆమెను అపర అన్నపూర్ణ అని పిలిచింది. తీర్థయాత్రకు బయలుదేరి, దారిలో ఆకలిగొన్నవారు తన ఇంటికి వస్తున్నారని విని వెనుదిరిగారని ఆమెను గురించి పెద్దలు చెప్పుకొంటారు. ఆమె తీర్థం ఆమె వంటశాలలోనే ఉంది.

1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి 10,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. పంట, పశువు, ఇల్లు సముద్రంలో కలిశాయి. కెరటం ఏ వీధికి ఏ కులమని అడగలేదు. రామకృష్ణ మిషన్ మొదలైన సేవాసంస్థలు వచ్చి సహాయ, పునరావాస కార్యాలు చేశాయి. అన్నపూర్ణ అని పేరుపొందిన డెల్టా ఒక్క రాత్రిలో అన్నార్తి అయింది. పెట్టేవాడు, తినేవాడు అన్న భేదం శాశ్వతం కాదని ఆ తీరం స్వానుభవంతో ఎరిగినది. నేడు గడపకు లోపల ఉన్నవాడు రేపు బయట ఉండవచ్చు. భయంతో ఇవ్వమని ఉపనిషత్తు చెప్పడంలోని ఒక అర్థం దివిసీమ వృద్ధులకు భాష్యం లేకుండానే తెలుసు.

శివారు పొలం

కృష్ణా డెల్టా రైతుకు సమత్వమంటే ఏమిటో వేదాంతం చెప్పనక్కరలేదు. బెజవాడ వద్ద 1855లో ఆనకట్ట, తరువాత 1957లో ప్రకాశం బ్యారేజీ వెలిశాయి. అక్కడ నీరు నిండుగానే ఉంటుంది. కాలువ తల వద్ద ఉన్న పొలానికి కోరినప్పుడు నీరు అందుతుంది. కాలువ సముద్రం వైపు సాగేకొద్దీ సన్నబడుతుంది. నాగాయలంక, కోడూరు ప్రాంతాల శివారు పొలం చివరి వరకు వేచి ఉంటుంది. ఆలస్యమైతే నేల ఉప్పుదేలుతుంది. జలాశయంలో ఎంత నీరున్నదన్నది శివారు రైతు ప్రశ్న కాదు. తన బోదెకు చేరిందా లేదా అన్నదే ప్రశ్న.

అన్నం విషయమూ ఇంతే. దేశంలో ధాన్యం లేకపోలేదు. దేవాలయాలలో అన్నదానం తగ్గలేదు. ప్రభుత్వం కూడా ధర్మాన్ని కొంత నెరవేరుస్తోంది. సీతమ్మ గారి పేరిట పాఠశాలలలో మధ్యాహ్న భోజనం సాగుతోంది. 2025 జనవరి నుండి ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ అది విస్తరించింది. 2024 ఆగస్టు 15న అన్న క్యాంటీన్ల పునఃప్రారంభం గుడివాడలోనే జరిగింది. అక్కడ పూటకు 5 రూపాయలు. ఆ రుసుముతో ఆ అన్నం ఖర్చు గిట్టదు. కాని దానికి ఒక ధర్మసూక్ష్మం ఉంది. నాణెం ఇచ్చి పళ్లెం తీసుకొన్నవాడు తల ఎత్తి తింటాడు. అతని కులం, ఊరు, శీలం ఎవరూ అడగరు. వారాలలో పోయిన గౌరవాన్ని ఆ నాణెం కొంత తిరిగి తెచ్చింది.

అయినా శివారు పొలం ఒకటి మిగిలే ఉంది. ఇంటర్మీడియట్ దాటిన విద్యార్థికి మధ్యాహ్న భోజన పథకం వర్తించదు. పదిహేడేళ్ల వరకు బడిలో తిన్న బిడ్డకు పద్దెనిమిదవ ఏట ఆకలి తగ్గుతుందా? బందరులో 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం వెలిసింది. గుడివాడలో, అవనిగడ్డలో డిగ్రీ కళాశాలలు ఉన్నాయి. వసతిగృహంలో చోటు దొరికినవారు అక్కడ భుజిస్తారు. దివిసీమ పల్లెల నుండి తెల్లవారుజామున బస్సెక్కి రోజూ వచ్చిపోయే కౌలు రైతు కుమార్తె సంగతి వేరు. క్యారేజీ కట్టుకొనే వేళ చాలని దినం ఆమె టీ, బిస్కట్లతో సరిపెట్టుకొంటుంది. అడిగితే ఆకలి లేదంటుంది. ఆ అసత్యం ఆమె దోషం కాదు. ఆమె చేత ఆ మాట అనిపించిన సిగ్గు సమాజానిది.

విదేశాలలోని విశ్వవిద్యాలయాలు ఈ సమస్యను గుర్తించి ఫుడ్ బ్యాంకులు నెలకొల్పాయి. అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 1993లో విద్యార్థులే తోటి విద్యార్థుల కోసం ఆహారనిధిని స్థాపించారు. బియ్యం, పప్పు, రొట్టె, డబ్బాలలో నిల్వ చేసిన ఆహారం విద్యార్థి సంచిలో వేసుకొని వెళ్తాడు. ఇంటికి వెళ్లి తానే వండుకొంటాడు. సంపన్న దేశమైనంత మాత్రాన విద్యార్థికి ఆకలి తప్పలేదు. కృష్ణాతీరం నుండి అక్కడికి వెళ్లిన బిడ్డలకూ ఆ తలుపులు తెరిచే ఉన్నాయి. నిజమైన అవసరంతో వెళ్లేవాడు సంకోచించనక్కరలేదు. అది బ్రహ్మచారి భిక్షయే. అవసరం లేకుండా, ఉచితమని తీసుకొనడం మాత్రం అపరిగ్రహవ్రతానికి భంగం. తన వెనుక వరుసలో నిలిచినవాని ముద్దను ఎత్తుకొన్నట్లే.

సాధకులు చేయదగినది

దేవాలయ అన్నదానం ఉత్సవదినాలలో, పర్వదినాలలో విరివిగా జరుగుతుంది. ఆనాడు భక్తుల ఇళ్లలోనూ పిండివంటలే. విద్యార్థి ఆకలి పంచాంగం చూసి రాదు. నెలాఖరున వస్తుంది, పరీక్షల వేళ వస్తుంది, కౌలు డబ్బు కట్టిన మరునాడు వస్తుంది. అన్నదాన సంకల్పం చేసే భక్తుడు ఒక్క తిథికి బదులు ఒక నెల మధ్యాహ్నాలను ఎంచుకోవచ్చు. బియ్యపు బస్తాను గుడికి పంపేవాడు రెండవ బస్తాను ఊరి కళాశాలకు పంపవచ్చు. పరమాత్మకు రెండు చోట్లా నివేదన జరుగుతుంది.

ఏర్పాటు ఏదైనా మూడు నియమాలు చాలు. పేదవారిని వేరు వరుసలో నిలపరాదు. రాదలచిన విద్యార్థులందరికీ ఒకే పంక్తి ఉండాలి. సాందీపని ఆశ్రమంలోని సమత్వం దీనితో వస్తుంది. రెండవది, అర్హత అడిగి ఆకలిని రుజువు చేయమనరాదు. అన్నం వద్దకు వచ్చి చేయి చాచడమే రుజువు. మూడవది, తినేవారి ఫొటో తీయరాదు. దాత పేరు గోడపై చెక్కించుకోవాలనిపిస్తే, శీక్షావల్లిలోని ఆ ఒక్క మాటను స్మరించుకొంటే చాలు. లజ్జ కలిగినవాని పేరు గోడకు ఎక్కదు.

ఇవన్నీ పెద్ద కార్యాలనిపిస్తే, చిన్నది ఒకటి ఉంది. ఇంటి వద్ద అద్దెగదిలో ఉండి చదువుకొనే విద్యార్థి ఉంటే, వారానికి ఒక పూట అతనికి వారం ఇవ్వవచ్చు. కులం అడగకుండా, వసారాలో కాక, తమ పిల్లల ప్రక్కన కూర్చోబెట్టి. చదువు ఎలా సాగుతోందని కూడా మొదటి దినమే అడగనక్కరలేదు. కూర చాలిందా అని అడిగితే చాలు.

గీతాపారాయణం చేసేవారు, గీతాగానం వినేవారు తెలుగునాట లక్షలమంది. ఆ కంఠాన్ని నిలబెట్టిన ముద్దల ఋణం ఇంకా ఎవరూ పూర్తిగా తీర్చలేదు. దానిని విజయనగరం గృహిణులకు తీర్చడం నేడు సాధ్యం కాదు. ఏ గడప ముందు ఏ బాలుడు, ఏ బాలిక నిలబడి ఉన్నారో, అక్కడే తీర్చాలి.

శుభం భూయాత్.